కిడ్నీ జబ్బుకు నేనిచ్చిన మందులు, నేను దాచిన మందు

ముప్పై ఏళ్ళ వైద్యంలో ఇరవై రెండు మంది కిడ్నీ రోగులను బాగుచేశాను.

ఈ మాట బిలాస్‌పూర్‌లో మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో, రెండో పంక్తి భోజనాల దగ్గర ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. మొదట్లో పద్నాలుగు మంది అనేవాణ్ణి. వినేవాళ్ళు నోరు తెరవడం మానేసినప్పుడల్లా ఒకరిద్దరిని కలుపుతూ వచ్చాను.

ఇప్పుడు నిజం రాస్తాను. ఆ ఇరవై రెండు మందిలో తొమ్మిది మంది పేర్లే చెప్పగలను. మిగతావాళ్ళు పంక్తి భోజనాల్లో పుట్టినవాళ్ళు. ఆ తొమ్మిది మందిలో అయిదుగురికి ఉన్నవి చిన్న రాళ్ళు. నీళ్ళు కడవలకొద్దీ తాగారు, రాళ్ళు పడిపోయాయి. నా కొండపిండి కషాయం వాళ్ళచేత నీళ్ళు తాగించడానికి ఒక వంక. ఇద్దరికి మూత్రంలో మంట. ఒకాయనకు కిడ్నీ జబ్బే లేదు, నడుం పట్టేసింది. ఇక మిగిలింది ఒక్కడు, సింహాచలం. వాడికి నిజంగానే కిడ్నీలు పాడైపోతున్నాయి. వాణ్ణి నేను బాగుచేయలేదు, చంపబోయాను.

ఆయుర్వేదం చదువుకొని కొత్తగా బోర్డు కట్టుకుంటున్న పిల్లలు నన్ను అడుగుతుంటారు, "కిడ్నీ రోగి వస్తే ఏం ఇవ్వాలండీ?" అని. ఏం ఇవ్వాలో పుస్తకాల్లో ఉంది. నేను చేసినది పుస్తకాల్లో లేదు కనుక రాస్తున్నాను.

ఆసుపత్రి వెనక గది

ఎనభైల్లో నాకు రెండు కొలువులుండేవి. పొద్దున తార్‌బహార్‌లో మా ఇంటి ముందు గదిలో సొంత వైద్యం. వారానికి మూడు రోజులు రైల్వే ఆసుపత్రిలో పార్ట్ టైం ఆయుర్వేద వైద్యుణ్ణి. "అక్కడ నా డిపార్టుమెంటు ఉంది" అని బంధువులకు చెప్పేవాణ్ణి. డిపార్టుమెంటు అంటే అంబులెన్సు షెడ్ వెనక, అంతకుముందు విరిగిన చక్రాల కుర్చీలు పడేసే గది. అందులో నేను, మందు నూరే ఒక కల్వం, ఒక బీరువా. ఆ బీరువాకు ఊళ్ళో ఏ తాళంచెవైనా పట్టేది.

అసలు ఉద్యోగం మందు నూరడం కాదు. డాక్టరుకు చెప్పని సంగతి వినడం. అక్కడే నేను తప్పుదారి పట్టాను.

రైలు నడిపేవాళ్ళకు కొన్నేళ్ళకోసారి మెడికల్ పరీక్ష ఉంటుంది. కళ్ళు, బీపీ, మూత్రం, అన్నీ చూస్తారు. తేడా వస్తే ఇంజిను మీంచి దింపి ఏదో ఆఫీసులో కుర్చీ వేస్తారు. ఉద్యోగం పోదు గాని మనిషి చిన్నబోతాడు. దాన్ని తప్పించుకోవడానికి మా డ్రైవర్లు చేయని పని లేదు. జ్వరమొచ్చినా ఆసుపత్రి గుమ్మం తొక్కేవారు కాదు, పేరు పుస్తకంలోకి ఎక్కుతుందని. తెల్లారేసరికి తార్‌బహార్‌లో మా ఇంటి వెనక గుమ్మం దగ్గర ఉండేవారు. పొద్దున నా చెవిలో పడిన మాట మధ్యాహ్నం ఆసుపత్రికి మోసుకెళ్ళనని వాళ్ళకు నమ్మకం. ఆ నమ్మకం చూసి నేను పొంగిపోయేవాణ్ణి. రైల్వే జీతం తింటూ రైల్వేకు తెలియాల్సినది దాస్తున్నానని ఎప్పుడూ అనిపించలేదు.

కాళ్ళు పెరిగినాయి

సింహాచలం గూడ్స్ డ్రైవరు. మా నాన్నా వాళ్ళ నాన్నా లోకో షెడ్‌లో ఫిట్టర్లు, పక్కపక్క క్వార్టర్లు. చుట్టరికం ఏమీ లేకపోయినా చిన్నప్పటినుంచి ఒకరికొకరం బావలం. ఒక వేసవి ఉదయం వెనక గుమ్మం దగ్గర బూట్లు చేత్తో పట్టుకొని నిలబడ్డాడు.

"బూట్లు పట్టడం నేదు బావా."

"కొత్తవి కొనుక్కోరా పిసినారీ."

"బూట్లు చిన్నవవ్వనేదు. కాళ్ళు పెరిగినాయి."

చీలమండ పైన బొటనవేలితో నొక్కాను. గుంట పడింది. అది పూడుతుందేమోనని ఇద్దరం దానివైపే చూస్తూ కూర్చున్నాం. పూడలేదు.

మూత్రం ఎలా వస్తోందని అడిగాను.

"నురుగు. సబ్బు కలిపినట్టు. ఇంకోటి సెప్తాను, ఎవరికీ అనకు. మొన్న కర్గీ రోడ్ టేసను దాటినాక సిగ్నలు రెండుగా అవుపడింది. కళ్ళు నలుపుకొని చూసినాక ఒకటైంది."

"పద, ఇప్పుడే ఆసుపత్రికి పోదాం," అన్నాను.

"మూడు నెలల్లో మెడికల్ ఉన్నాది. ఇప్పుడెల్తే రాసీస్తారు, దింపీస్తారు. ఇంజిను నేకపోతే నానేటి బావా? క్వార్టర్లో కూకొని చిక్కుడుకాయలు వొలవనా? ఈ మూడు నెల్లూ గట్టెక్కించీ. ఆ తర్వాత నువ్వేటి సెప్తే అదే."

ఆ క్షణంలో వాడి రెక్క పట్టుకొని లాక్కెళ్ళాల్సింది. "నేనున్నానుగా" అన్నాను. స్నేహం కోసం అన్నానని చాలాకాలం చెప్పుకున్నాను. అది సగం నిజం. ఆ వారమే ఆసుపత్రిలో మా పై అధికారి డాక్టర్ సుజాత నలుగురి ముందు నన్ను, "మీ గదికి జలుబు దాటి ఎవరన్న వస్తరా వైద్యులుగారూ?" అని అడిగింది. ఆవిడది వరంగల్. నాకంటే పన్నెండేళ్ళు చిన్న, నాలుక పదును. ఆమెకు చూపించడానికి నాకో పెద్ద జబ్బు కావాలి. అది బూట్లు పట్టుకొని గుమ్మంలో నిలబడింది.

మందులు మొదలుపెట్టాను. తిఫ్రా దారిలో గలిజేరు ఆకు నేనే కోసుకొచ్చేవాణ్ణి. పల్లేరు కాయల కషాయం. బార్లీ జావ. ఉప్పు మానమన్నాను, బదులుగా సైంధవలవణం వేసుకోమన్నాను. సైంధవం కూడా ఉప్పేనని, ఒంట్లో చేసే పని అదేనని తెలియని వైద్యుణ్ణి కాదు, ఆలోచించని వైద్యుణ్ణి. పైగా పూటకు రెండు చిటికెల యవక్షారం. యవల మొక్కను ఎండబెట్టి కాల్చి, ఆ బూడిదను నీళ్ళలో కలిపి వడగట్టి, మరగబెడితే అడుగున మిగిలే తెల్లటి ఉప్పు అది. మూత్రం సాఫీగా రావడానికి పెద్దలు చెప్పినదే. మా పెరట్లో నా చేత్తో నేనే తీశాను. ఎంత తెల్లగా వచ్చిందో మా ఆవిడకు రెండుసార్లు చూపించాను.

రెండు వారాలకు వాపు దిగింది. బూట్లు పట్టాయి. సింహాచలం ఖోవా మిఠాయి తెచ్చాడు. రోగి పేరు చెప్పకుండా ఆ సంగతి నేను నలుగురికి చెప్పాను. శనివారానికి నలభై మందికి తెలిసింది.

పిల్లలూ, ఇక్కడ ఆగి చదవండి. గలిజేరు మూత్రం జారీ చేస్తుంది, వాపు లాగుతుంది. అంతవరకే. కప్పు కారుతుంటే నేల తుడిచినట్టు. నేల పొడిగా ఉందని కప్పు బాగైందనుకున్నాను.

అనుకున్నానా? అదీ అబద్ధమే. బజారులో ఒక ప్రైవేటు ల్యాబుకు మారుపేరుతో వాడి రక్తం పంపించాను. కిడ్నీలు బయటికి పంపలేక రక్తంలో పేరుకునే క్రియాటినిన్ ఉండాల్సినదానికి నాలుగు రెట్లుంది. ఆ కాగితం మూలికల నిఘంటువులో పెట్టి మూసేశాను. "కొంచెం ఎక్కువుంది, దిగుతుంది" అని వాడికి చెప్పాను. ఆ రోజునుంచి వాడు డ్యూటీ ఎక్కిన ప్రతిసారీ నా చెవులు పట్టాల వైపే ఉండేవి. స్టేషను వైపునుంచి పొడుగ్గా కూత వినబడితే చేతిలో ముద్ద చేతిలోనే ఉండేది. వాళ్ళ క్వార్టరు ముందునుంచి ఊరికే సైకిలు మీద పోయేవాణ్ణి, గుమ్మంలో బూట్లున్నాయేమో చూడ్డానికి. బూట్లుంటే ఇంట్లో ఉన్నట్టు. లేకపోతే ఎక్కడో ఇంజిను మీద, రెండు సిగ్నళ్ళ ముందు.

బొండాలు

మనవాళ్ళకు పరామర్శ అంటే కొబ్బరి బొండాం. హిందీవాళ్ళు యాపిల్ పళ్ళు పట్టుకెళ్తారు. మనవాళ్ళలో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే చాలు, పాస్ మీద విజయనగరం వైపు పోయినవాడల్లా గోనెసంచిలో బొండాలు వేసుకొచ్చి సీటు కింద తోసి బిలాస్‌పూర్ దాకా తెస్తాడు. బిలాస్‌పూర్‌లో దొరికే బొండాం నీళ్ళు మనవాళ్ళ దృష్టిలో నీళ్ళే కావు.

నేను రోజుకు రెండు తాగమన్నాను. "ఒంటికి చలవ, మూత్రానికి మంచిది," అన్నాను. సింహాచలానికి ఏదో నలతగా ఉందని మాత్రమే కాలనీకి తెలుసు. అది చాలు. రెండు నెలల్లో వాళ్ళ మంచం కింద అడుగు పెట్టే చోటు లేదు. వాడి భార్య పైడమ్మ ఎవరు తెచ్చినా కాదనేది కాదు, పాడైపోతాయని నాలుగేసి కొట్టి ఇచ్చేది. బెల్లం ముక్క మీద చీమల్లా ఆ మనిషి చుట్టూ ప్రేమే ప్రేమ.

కాల్ వచ్చిన రోజు

మెడికల్ పరీక్ష ఇంకా పది రోజులుందనగా, ఒక ఉదయం పదకొండింటికి పైడమ్మ మా ఇంటి ముందు గదిలోకి పరిగెత్తుకొచ్చింది. కాళ్ళకు చెప్పులు లేవు.

"అన్నయ్యా, ఆయన మంచం దిగనేకపోతన్నాడు. కాళ్ళల్లో సీసం పోసినట్టున్నాదంట. మజ్జానం బండికి కాల్ వచ్చింది. నువ్వొచ్చి ఏదో ఒక పొడిచ్చి లేపీ."

ఆమెను వెనక ఎక్కించుకొని సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాను. సింహాచలం యూనిఫాం చొక్కా వేసుకొని పడుకొని ఉన్నాడు. నన్ను చూసి నవ్వబోయాడు.

"అదిగో, బావ వచ్చీసినాడు. లేపు, లేపు. బండికి టైమవుతంది."

నాడి పట్టుకొని కాలేయం సంగతి, రాత్రి తిన్న కూర సంగతి చెప్పగలనని నేను ఊరంతా అనిపించుకున్నవాణ్ణి. కూర సంగతి గడ్డం మీద మరకను బట్టి చెప్పేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఏ విద్యా చూపించకుండా గడియారం పెట్టుకొని లెక్కపెట్టాను. నాడి బాగా నెమ్మదిగా ఉంది. మధ్యలో ఒక దెబ్బ తప్పిపోయింది. తర్వాతి దెబ్బ వస్తుందా రాదా అని నా వేలు ఎదురుచూసింది. వచ్చింది. మళ్ళీ ఒకటి తప్పింది.

"రిక్షా పిలువు చెల్లెమ్మా. ఆసుపత్రికి."

సింహాచలం నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టులో బలం లేదు. "బావా, పది రోజులు. పదంటే పది. మాటిచ్చినావు. బండి దింపీస్తారు రా."

"బండి దిగకపోతే భూమ్మీంచే దిగిపోతావురా," అన్నాను. ఆ మాట మూడు నెలల కిందట అనాల్సింది.

రెండు కాగితాలు

డాక్టర్ సుజాత ఈసీజీ తీయించింది. కాగితం మీద గీతలు గుడారాల్లా మొనదేలి లేచాయి. ఆమె ముఖం చూస్తే గుండె ప్రమాదంలో ఉందని నాకు అర్థమైంది.

"ఏమిచ్చిన్రు?"

"గలిజేరు. పల్లేరు."

"ఇంకా?"

"బార్లీ జావ. సైంధవం. కొబ్బరి నీళ్ళు."

ఆమె తలెత్తింది. "ఎన్ని?"

"రోజుకి రెండు."

వెనకనుంచి పైడమ్మ, "నాలుగు డాక్టరమ్మా. ఒక్కోరోజు అయిదు," అంది.

"కొబ్బరి నీళ్ళల్ల పొటాషియం ఉంటది వైద్యులుగారూ. మంచి కిడ్నీ దాన్ని బయటికి పంపుతది. ఈయనది పంపుతలేదు. రక్తంల పెరిగి ముందు కాళ్ళు పడగొడుతది, తర్వాత గుండెను ఆపుతది." సింహాచలం వైపు తిరిగింది. "నొప్పి బిళ్ళలు ఏమన్న మింగుతవా?"

"నడుం నొప్పికి మేడమ్. మూడు నాలుగేళ్ళబట్టి. డ్యూటీకి రెండు."

వాడు నాకు బావ. మూడు నెలలు నా రోగి. ఆ ప్రశ్న నేను అడగలేదు. కిడ్నీలను తిన్న బిళ్ళలు వాడి చొక్కా జేబులోనే ఉన్నాయి.

ఆమె నాకొక తెల్ల కాగితం ఇచ్చింది. "మీరిచ్చినయన్నీ రాయండి. ఆకు, పొడి, ఉప్పు, ఏదీ వదలొద్దు."

రాశాను, యవక్షారం తప్ప. ఎందుకని అడగండి. గలిజేరు ఆకు దారిలో మొలిచింది, దోషమంటే దారిది. బొండాలు కాలనీవాళ్ళు తెచ్చారు. యవక్షారం మాత్రం నాది. బూడిద ఉప్పులో ఏముంటుందో పొటాషియం అన్న మాట వినగానే నాకు తట్టింది, బళ్ళో చదువుకున్నదే. ఆ కాగితం ఫైలుకెక్కుతుంది, ఫైలులో నా సంతకం ఉంటుంది. ఎలాగూ ఆపేస్తున్నాను కదా, రాయకపోతే ఏం అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

సూదులు మొదలయ్యాయి. గుండెకు కాపుగా ఒకటి, పొటాషియం దించడానికి సెలైనులో మరొకటి. నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. గంట గడిచింది. నాడి కొంచెం పుంజుకుందన్నారు. ఇంకో గంటకు మళ్ళీ మందగించిందన్నారు. సుజాత బయటికొచ్చి గోడకు ఆనుకొని తనలో తాను అనుకుంటున్నట్టు, "దిగాలె. మల్ల ఎక్కుతున్నదెందుకు?" అంది.

అప్పుడే లోపలినుంచి పైడమ్మ గ్లాసుతో వచ్చింది. కొంగు ముడి విప్పి ఒక కాగితం పొట్లం తీసింది.

"అన్నయ్యా, మజ్జానం తెల్లపొడి ఏళ దాటిపోతంది. కళ్ళు తిరుగుతన్నాయంటే ఇందాకొకటి ఎక్కువే ఏసినాను. ఇంకోటి ఏసేదా?"

డాక్టరు ముందు, పదిమంది ముందు, ఆమె నన్నే అడుగుతోంది. ఇంత జరిగినా నన్నే అడుగుతోంది. పొట్లం లాక్కున్నాను. పొడి సగం నేల మీద పడింది.

"ఏందది?" అంది సుజాత.

"యవక్షారం. బూడిదనుంచి తీసిన ఉప్పు. పొటాషియమే. పూటకి రెండు చిటికెలు, మూడు నెలలనుంచి. కాగితం మీద రాయలేదు."

తిడుతుందనుకున్నాను. ఆమె నన్ను చూడను కూడా లేదు. లోపలికి పోతూ రెండోసారి సూది సిద్ధం చేయమని నర్సుకు చెప్పింది. గుమ్మంలో ఆగి, "ఇంకో కాగితం తీసుకోండి. మొదటినుంచి రాయండి," అంది.

రెండో కాగితం మీద యవక్షారం మొదట రాశాను. సాయంత్రం అయిదింటికి సింహాచలం కాలి వేళ్ళు కదిలాయి. అంతవరకు ఆ బల్ల మీద నేను ఏ మంత్రం చదివానని ఎవరైనా అడిగితే మృత్యుంజయం అని చెప్పేవాణ్ణి. ఏ మంత్రమూ గుర్తు రాలేదు. నర్సు చెప్పుల చప్పుడైన ప్రతిసారీ లేచి నిలబడ్డాను, అంతే.

ఒకే చీటీ

వాణ్ణి ఇంజిను దింపేశారు. డ్రైవర్లు డ్యూటీకి సంతకం పెట్టే ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. అప్పటినుంచి సింహాచలం నన్ను "వైద్యులుగారూ" అన్నాడు. బావా అనలేదు. పెళ్ళిలో ఎదురుపడితే, "భోంచేసారా వైద్యులుగారూ?" అనేవాడు. ఆ గౌరవం కంటే చెంపదెబ్బ నయం.

సుజాత నా గది మూయించలేదు. ఒక షరతు పెట్టింది. కిడ్నీ రోగికి ఒకే చీటీ. ఆమె రాసినదాని కిందే నేను రాయాలి, నేను రాసినది చూశాకే ఆమె రాస్తుంది. రక్తపరీక్ష లేకుండా ఆకు కూడా లేదు. నాకు మొదట చిన్నతనంగా తోచింది. రెండేళ్ళకు ఆ చీటీ లేకుండా రోగిని ముట్టుకోవడానికి భయం వేసేది. ఆ భయం మంచిది. మీరూ పెంచుకోండి.

ఆ చీటీ మీద నా భాగంలో మిగిలినవి చాలా చిన్నవి. కూరముక్కలు నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండమని పైడమ్మలాంటివాళ్ళకు మన భాషలో, మన వంటింటి మాటల్లో చెప్పడం. బొండాలు తెచ్చేవాళ్ళను గుమ్మంలోనే ఆపడం. ఒళ్ళంతా దురద పెట్టి గీరుకొని పుండ్లు పడ్డ ఒక ముసలి గార్డుకు కొబ్బరి నూనె మర్దన చేయించాను, ఆయన చాన్నాళ్ళకు నిద్రపోయాడు. జబ్బు తగ్గలేదు, ఆయన బతకలేదు, కాని ఆ నిద్ర నేనిచ్చిందే. బీపీ బిళ్ళ మానకుండా మింగించడం కూడా నా పనే అయింది. నా మాట వింటారు కనుక. మన వైద్యంతో క్రియాటినిన్ దిగిందని ఎవరైనా చెబితే, మందుకు ముందుది ఒకటి, తర్వాతది ఒకటి, రెండు రక్తపరీక్ష కాగితాలూ అడగండి. పోస్టులో వచ్చే భస్మాలు పేరు తెలియకుండా ఇచ్చేవాణ్ణి ఊరు దాటించండి. యవక్షారం పాడుపడిన కిడ్నీకి విషం. ఎవరు రాసినా, ఏ గ్రంథంలో ఉన్నా.

నాగపూర్

తొంభైల్లో సింహాచలం కిడ్నీలు పూర్తిగా చేతులెత్తేశాయి. అంతవరకు లాక్కొచ్చింది సుజాత మందులు, పైడమ్మ వంట. డయాలిసిస్‌కు నాగపూర్ పంపమన్నారు. పైడమ్మకు జ్వరం. తోడు ఎవరు వెళ్తారంటే నేను వెళ్తానన్నాను.

రైల్లో వాడు కిటికీ పక్కన కూర్చొని దారంతా సిగ్నళ్ళు చూశాడు. గోందియా దగ్గర బండి కుదుపుతో ఆగితే మాత్రం, "ఈడికి బ్రేకు పట్టడం ఎవడు నేర్పినాడో," అన్నాడు. నాతో అన్నాడో, కిటికీతో అన్నాడో తెలియదు. నేను మాత్రం జవాబు చెప్పకుండా ఊరుకోలేక, "కుర్రాడు, నేర్చుకుంటాడు" అన్నాను. వాడు నావైపు చూసి మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

అక్కడి డాక్టరు చిన్నవాడు. వరసలో ఇంకా చాలామంది ఉన్నారు. తల ఎత్తకుండా రాసుకుంటూ, ఇంతకుముందు నాటుమందులు ఏమైనా వాడావా అని హిందీలో అడిగాడు.

సింహాచలం నా వైపు చెయ్యి చూపించాడు. వాడి హిందీ నాకంటే బాగుంటుంది, అయినా తెలుగులోనే అన్నాడు. "నాకు పేర్లు తెలవవు. మా బావనడగమను. ఆడు అన్నీ సెప్తాడు."

నేను కుర్చీ ముందుకు లాక్కొని హిందీలో చెప్పడం మొదలుపెట్టాను. యవక్షారం, ఎన్ని చిటికెలు, ఎన్ని నెలలు, ఎవరు చేశారు. డాక్టరు రాశాడు. బొండాలు, ఎన్ని. రాశాడు. సైంధవం. రాశాడు. రక్తపరీక్ష కాగితం నేనెక్కడ దాచానో కూడా చెప్పాను.

"బస్?" అన్నాడు డాక్టరు కలం మూస్తూ.

"ఇంకా ఉంది," అన్నాను. "రాసుకోండి."